రెండో కార్డు

జులై 18

పిడుగూ,

చేరావని చెప్పడానికి నువ్వు ఫోన్ చేస్తే నాకు వినబడినవి రైలు, పెట్టె, కిటికీ అన్న మూడు మాటలే. మిగతాది నేనే అల్లుకుని, కిటికీలోంచి పెట్టె పడేసుకున్నావనుకుని నిన్ను తిట్టాను. నా తిట్లు మాత్రం నీకు పూర్తిగా వినబడి ఉంటాయి. చిన్నప్పటి నుంచీ కుట్టు మిషన్ పక్కన పెరిగిన చెవులు ఇవి, ఫోనుకి పనికిరావు. కాబట్టి ఇకమీదట ఉత్తరాలే. అక్షరాలు కాస్త పెద్దవిగా, విడివిడిగా రాయి. అర్థం కాకుండా రాయడానికి నువ్వింకా డాక్టరువి కాలేదు.

ఇక్కడ కోట్ల హడావుడి మొదలైంది. సోమవారం పెద్ద కాలేజీ గుమస్తా వచ్చి సీట్లు వచ్చినవాళ్ళ జాబితా ఇచ్చి వెళ్ళాడు. నూట ఇరవై మంది, నూట ఇరవై అడ్రసులు. అమ్మ ఉన్నప్పటి పద్ధతే ఇప్పటికీ. మనం అందరికీ కార్డు రాయాలి, వాళ్ళు షాపుకి వచ్చి కొలతలు ఇవ్వాలి, మొదటి రోజు తెల్లకోటు తొడుక్కునే గేటు లోపలికి వెళ్ళాలి. కొనుక్కొచ్చిన కోటు వేసుకుంటే ఆ ప్రిన్సిపాలు గుమ్మంలోనే ఆపేస్తాడు. మూడు రోజులు కూర్చుని నూట ఇరవై కార్డులూ రాశాను, వేళ్ళు కొంకర్లు పోయాయి. రాసేది మాత్రం ఒక్క ముక్కే. "తెల్లకోటు కొలతలకు రావలెను. కోటక్క, కాలేజీ గేటు ఎదురుగా."

జాబితాలో నీ పేరు కోసం పైనుంచి కిందదాకా ఒకసారి వెతికాను. లేదని తెలుసు, అయినా వెతికాను. వెయిటింగ్ లిస్టు నోటీసు బోర్డులో అద్దం వెనకాల ఉంది. నువ్వు మూడోదానివి. రోజూ షాపు తెరిచే ముందు వెళ్ళి చూసొస్తున్నాను, రాత్రికి రాత్రి ఎవరైనా నిన్ను నాలుగుకి దించేస్తారేమో అన్నట్టు.

పెట్టెలో సూదీ దారం డబ్బా పెట్టాను, అడుగున ఉంటుంది చూడు. ఆ ఊళ్ళో బొత్తాం ఊడితే నన్ను పిలవలేవు.

నీ అక్క

---

జులై 24

అక్కా,

నా పెట్టె కిటికీలోంచి పడలేదు. కిటికీ పక్కన సీటు దొరికింది, పెట్టె కాళ్ళ కింద పెట్టుకున్నాను అన్నాను. దానికి పది నిమిషాలు తిట్లు తిన్నాను.

ఈ కాలేజీ గురించి ఏం రాయమంటావు. నాలుగంతస్తుల కొత్త భవనం, మూడో అంతస్తు దాకా రంగు వేసి ఆపేశారు. శరీరం కోసి చూపించే క్లాసులో యాభై మందికి ఒకే శవం. నేను వెనక వరుస. ఇప్పటిదాకా ముందు నిలబడ్డవాళ్ళ వీపులు బాగా చదువుకున్నాను. పక్కనే కాలేజీ ఆసుపత్రి. రెండు వందల మంచాల్లో నూట యాభైకి పైగా దుప్పటి మడత కూడా చెదరలేదు. రోగులే రాని ఆసుపత్రిలో మాకు వైద్యం ఎలా వస్తుందని అడిగితే, మా సీనియర్ ఒకడు "ఒకళ్ళనొకళ్ళు చూసుకుంటాం" అన్నాడు. వాడు జోక్ చెయ్యలేదక్కా.

నా గదిలో ఉండే అమ్మాయి మంచిదే. పళ్ళు తోముకుంటూ కూడా ఎముకల పేర్లు అప్పజెబుతుంది. నేను ఎముకలమ్మ అని పేరు పెట్టాను.

ఇక్కడ కోట్లు కొట్టులో కొనుక్కోవాలి. నాది చేతులు వేళ్ళ దాకా వస్తాయి, భుజం మోచేతి వైపు జారుతుంది. కోటక్క చెల్లెలు ఇలాంటి కోటు వేసుకుని తిరుగుతోందని అక్కడ ఎవరికీ చెప్పకు.

అసలు సంగతికి వస్తాను. నిన్న పెద్ద కాలేజీ నుంచి నాకు నోటీసు వచ్చింది. వెయిటింగ్ లిస్టులో ఉన్నవాళ్ళు ఇంకెక్కడైనా చేరి ఉంటే, ఆగస్టు ఇరవై లోపు ఆ సీటు వదులుకుంటున్నట్టు కాగితం పంపాలట. పంపకపోతే లిస్టులోంచి పేరు కొట్టేస్తారు. పంపితే ముప్పై ఒకటి సాయంత్రం దాకా ఎదురు చూడాలి. ఆ రోజు ఐదింటికి చేరనివాళ్ళ సీట్లు లెక్కపెట్టి వరసగా మమ్మల్ని పిలుస్తారు, వచ్చి చేరడానికి పది రోజుల గడువు ఇస్తారు. మూడు సీట్లు మిగిలితే నేను అక్కడ. రెండే మిగిలితే ఇక్కడా లేను, అక్కడా లేను.

ఎంతమంది చేరతారో కాలేజీవాళ్ళకే ముప్పై ఒకటి దాకా తెలియదు. నీకు తెలుస్తుంది. కోటు కొలతలు ఇవ్వనివాడు రానట్టే కదా. ఎంతమంది వచ్చారో రాయవూ.

నీ పిడుగు

---

జులై 31

పిడుగూ,

జాబితా ఎవరికీ చూపించొద్దని గుమస్తా ప్రతి ఏడూ చెప్పి వెళతాడు. కార్డుల పని నా చేతికొచ్చిన పద్నాలుగేళ్ళలో ఒక్కరికీ చూపించలేదు. సరే, నీకు చూపించడం లేదు, చెబుతున్నాను. నూట పదకొండు మంది వచ్చారు. తొమ్మిది మంది రాలేదు.

నిన్న ఒక తల్లి కొడుకుని వెంటబెట్టుకుని వచ్చింది. కోటు నాలుగు వేళ్ళు పెద్దగా కుట్టమంటుంది, పిల్లాడు ఎదుగుతాడట. వాడికి ఇరవై ఏళ్ళు, మన గుమ్మం తలకి తగిలేంత ఉన్నాడు. ఇంకా ఎదిగితే మీకు కోటు కాదమ్మా, కొత్త ఇల్లు కావాలి అన్నాను. ఆవిడకి కోపం వచ్చింది. వాడు మాత్రం గోడ వైపు తిరిగి నవ్వుకున్నాడు.

నీ విషయం. తొందరపడకు. చేతిలో ఉన్నది చేతిలో ఉంది. తొమ్మిది మందిలో సగం మంది ఇంకో వారం పది రోజుల్లో వస్తారు, ప్రతి ఏడూ చూస్తున్నదే. అక్కడ చదివినా నువ్వు డాక్టరువే అవుతావు. జ్వరంతో వచ్చినవాడు ఏ కాలేజీలో చదివావమ్మా అని అడగడు. పైగా ఇక్కడికి వచ్చి ఈ రెండు గదుల్లో, ఈ మిషన్ చప్పుడులో ఎలా చదువుతావు? అక్కడ నీకంటూ ఒక బల్ల ఉంది, తలుపు ఉంది. వెనక వరుసలో కనబడకపోతే ముందుకి తోసుకుని వెళ్ళు. సినిమా టిక్కెట్ల దగ్గర తోసుకోవడం నీకు ఎవరూ నేర్పలేదు కదా.

కోటు భుజం జారుతోందన్నావు. వెనక, మెడ కింద, మధ్యలో చిన్న మడత పెట్టి లోపలివైపు కుట్టుకో. రెండు వేళ్ళ వెడల్పు చాలు.

నీ అక్క

---

ఆగస్టు 5

అక్కా,

నేను రావడం నీకు ఇష్టం లేకపోతే ఆ మాటే రాయాల్సింది. మిషన్ చప్పుడు, రెండు గదులు, బల్ల, తలుపు అని ఇంత తిప్పడం దేనికి. ఆ చప్పుడులోనే కదా నేను పదో తరగతి నుంచి ఇక్కడిదాకా చదివాను.

నీకు తెలియదని కాదు, అయినా ఒకసారి రాస్తాను. ఏడేళ్ళప్పటి నుంచి ఆ కోట్లకి బొత్తాలు కుట్టాను. బడి నుంచి రాగానే అమ్మ నా ఒళ్ళో కోటు పడేసేది. ఎన్ని వందల కోట్లు నా చేతుల మీదుగా పోయాయో. ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి కూడా ఒంటి మీద వేసుకోనిచ్చేది కాదు, మాసిపోతుందని. ఒకసారి అమ్మ లేనప్పుడు వేసుకుని అద్దం ముందు నిలబడితే నువ్వే తీయించావు. "నీది నీకు వస్తుందిలే" అన్నావు. నేను మర్చిపోలేదు. నాకు ఏదో ఒక కాలేజీ కాదు కావలసింది. ఆ గేటు కావాలి. మన షాపు గుమ్మంలోంచి చూస్తూ పెరిగిన ఆ గేటు.

ఇరవై లోపు నేను తేల్చుకోవాలి. సగం మంది వస్తారు, సగం మంది రారు అంటే నాకు సరిపోదు. ఇంకా రానివాళ్ళందరికీ మళ్ళీ ఒక కార్డు రాయి. ఊరికే "రావలెను" అని కాదు. ముప్పై ఒకటి లోపు చేరకపోతే సీటు ఇంకొకరికి పోతుంది, వస్తున్నారా లేదా ఒక్క ముక్క జవాబు రాయండి అని గట్టిగా రాయి. రానివాళ్ళు రామని రాస్తారు, మనకి లెక్క తేలిపోతుంది. అడిగితే పోయేదేముంది?

మెడ కింద మడత పెట్టి కుట్టాను. ఇప్పుడు ఎడమ భుజం బాగానే ఉంది, కుడిది పైకి లేచింది.

నీ చెల్లెలు

---

ఆగస్టు 13

పిడుగూ,

చెల్లెలు అని సంతకం పెట్టావు. అంత కోపం వచ్చిందన్నమాట.

నువ్వు రావడం నాకు ఇష్టం లేదని ఎక్కడ రాశానే? నువ్వు వెళ్ళిన దగ్గర్నుంచి మధ్యాహ్నం కంచం ముందు కూర్చుంటే ఎదురుగా కత్తిరించిన గుడ్డముక్కల మూట కనబడుతుంది, దానితో మాట్లాడుతున్నాను. ఇంతకన్నా విడమరిచి రాయడం నాకు రాదు. నీకు చేతిలో ఉన్నది పోతుందేమోనని భయపడి రాశాను, అంతే.

సరే విను. నీ ఉత్తరం వచ్చేసరికి రానివాళ్ళు ఐదుగురే మిగిలారు. ఐదుగురికీ నువ్వు చెప్పినట్టే, చెప్పిన మాటలతోనే కార్డులు రాశాను. నేనెప్పుడూ రెండో కార్డు రాయలేదు. ఇద్దరు పరుగెత్తుకుంటూ వచ్చారు. ఇద్దరు జవాబు రాశారు, నలభై ఒకటో నెంబరు అబ్బాయి వేరే చదువుకి వెళ్ళిపోయాడు, నూట పన్నెండో నెంబరు పిల్లకి వాళ్ళ ఊళ్ళోనే సీటు వచ్చిందట. వీళ్ళు ఖాయంగా రారు. ఇక మిగిలింది డెబ్బై ఏడో నెంబరు. ఆ పిల్ల దగ్గర నుంచి మొదటి కార్డుకీ ఉలుకూ పలుకూ లేదు, రెండోదానికీ లేదు.

నీ ముందున్న ఇద్దరూ ఈ ఊరివాళ్ళే, రోజూ బోర్డు దగ్గర కనబడుతున్నారు. వాళ్ళు ఎక్కడికీ కదలరు. కాబట్టి అంతా డెబ్బై ఏడు మీద ఉంది. రెండు రోజులు ఆలోచించాను. కొలతల టేపు మెడలో వేసుకుని మర్చిపోయి కూరగాయలకి కూడా వెళ్ళొచ్చాను. పద్నాలుగేళ్ళలో ఆగస్టు పది దాటాక కూడా రానివాళ్ళు ఆ తర్వాత వచ్చింది లేదు. ఒక్కళ్ళు కూడా లేదు. ఆ పిల్ల రాదు.

రా. కాగితం పంపించెయ్.

నీ కోటుకి గుడ్డ కత్తిరించాను. ప్రతి కోటుకీ కాలర్ లోపల ఎర్ర దారంతో నెంబరు వేస్తాను కదా, నీకు ఇంకా నెంబరు లేదు కాబట్టి "పిడుగు" అని కుట్టాను. గుమస్తా చూస్తే ఏమంటాడో.

నీ అక్క

---

ఆగస్టు 18

అక్కా,

పంపేశాను.

ఇక్కడి ఆఫీసులో ఆయన మూడుసార్లు అడిగాడు, బాగా ఆలోచించుకున్నావా అని. మూడుసార్లూ అవునన్నాను. మూడోసారి "ఇంట్లో పెద్దవాళ్ళకి తెలుసా" అన్నాడు. మా అక్కే రమ్మంది, మా అక్క లెక్క తప్పదు అన్నాను. సంతకం పెడుతుంటే పక్కనే ఇంకో అమ్మాయి కూర్చుని ఉంది. ఇక్కడి వెయిటింగ్ లిస్టులో ఆమె మొదటిదట. నా సంతకం ఆరేదాకా కూడా ఆగలేదు, లేచి నా చేతులు పట్టుకుంది.

నా అసలు సర్టిఫికెట్లు సెప్టెంబరు ఐదో తారీఖున గానీ తిరిగి ఇవ్వరట. అప్పటిదాకా ఎముకలమ్మ గదిలోనే ఉంటాను. క్లాసులకి వెళ్ళనివ్వరు. బట్టలు ఉతుక్కుంటూ, ఆమెకి ఎముకలు అప్పజెప్పించుకుంటూ కూర్చున్నాను. నాకే ముందు వచ్చేస్తున్నాయి.

ఆ కొట్టు కోటు ఎముకలమ్మకి ఇచ్చేశాను. ఆమెకి భుజాలు సరిపోయాయి.

చేతుల పొడవు చూసుకో అక్కా, ఈ మధ్య కొంచెం సన్నబడ్డాను కానీ చేతులు తగ్గవు. మొదటి రోజు పొద్దున నువ్వే తొడగాలి. అద్దం తుడిచి ఉంచు.

నీ పిడుగు

---

సెప్టెంబరు 1

పిడుగూ,

ఫోన్ చెయ్యమని ఎవరినైనా అడుగుదామనుకున్నాను. ఈ మాట ఇంకొకళ్ళ నోటి నుంచి నీకు వినబడకూడదని రాస్తున్నాను. సీటు రాలేదు. లిస్టు రెండో నెంబరు దగ్గర ఆగిపోయింది.

డెబ్బై ఏడు వచ్చింది.

నిన్న సాయంత్రం నాలుగు దాటింది. నాకు పని మీద చెయ్యి ఆడక గుమ్మంలో నిలబడ్డాను. వీధి చివర నుంచి ఒక పిల్ల పరుగెత్తుకుంటూ వచ్చింది, చెప్పులు ఒక చేతిలో, కార్డు ఇంకో చేతిలో. నా చేతిరాత నేను ఎంత దూరం నుంచైనా గుర్తుపడతాను. రెండో కార్డు అది. నా ముందు ఆగి, ఊపిరి అందక, "కోటక్క మీరేనా" అంది. అవునన్నాను. "ముందు కొలతలు ఇవ్వాలా, ముందు చేరాలా" అంది.

ఐదు కావడానికి ఇంకా నలభై నిమిషాలు ఉంది. ముందు కొలతలు అని ఉంటే ఆ పిల్ల నమ్మేది. కూర్చోబెట్టి, టేపు వెతికి, నెమ్మదిగా కొలిచి ఉంటే సరిపోయేది. అలాంటి ఆలోచన రాలేదని నీకు అబద్ధం చెప్పను. వచ్చింది. ముందు చేరమ్మా అన్నాను. ఆఫీసు ఎటో తెలియక అటూ ఇటూ చూస్తుంటే గేటు చూపించాను.

తర్వాత తెలిసింది. వాళ్ళు ఏప్రిల్లో ఇల్లు మారారట. కాలేజీ పంపిన కవర్లన్నీ పాత ఇంటికి వెళ్ళాయి. ఆ ఇంట్లో ఇప్పుడున్నవాళ్ళు కవర్లు విప్పకుండా అటకమీద పడేశారు. కార్డు అయితే కవరు లేదు, ఎవరైనా చదవొచ్చు. మొదటిదాంట్లో కొలతల మాటే ఉంది కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు, రెండోది వేరు. కింద ఇస్త్రీ షాపాయన చదివి, సీటు పోతుందని రాసి ఉందే అని గాభరాపడి, ఐదు వీధులు వెతికి మొన్న వాళ్ళకి ఇచ్చాడట. సీటు వచ్చిన సంగతే ఆ పిల్లకి మొన్నటిదాకా తెలియదు. రాలేదేమో అనుకుని ఒక మందుల షాపులో పనికి కుదిరింది.

కార్డు నేనే రాశాను. అలవాటు ప్రకారం రాశాను. తప్పు నాది, రమ్మన్నదీ నేనే. ఇంటికి వచ్చెయ్. వచ్చాక నన్ను ఏమన్నా అను.

నీ అక్క

---

సెప్టెంబరు 7

అక్కకి,

అద్దం తుడిచే ఉంచావా? ఉంచే ఉంటావు, నీ పనిలో లోటు ఉండదు. నూట ఇరవై కార్డులు రాయగలిగిన చెయ్యి ఒక్క కార్డు దగ్గర ఆగలేకపోయింది. సరే, రాశావు. వచ్చింది. దారి తెలియక అటూ ఇటూ చూస్తున్నదాన్ని వదిలేస్తే చాలు కదా. నువ్వు ఏ పాపమూ చెయ్యక్కర్లేదు, నోరు మూసుకుని నిలబడితే చాలు. గేటు చూపించావు. నీ చెల్లెలు ఇక్కడ మూటముల్లె సర్దుకుని కూర్చుంటే నువ్వు వేలు పెట్టి ఇంకొకదానికి గేటు చూపించావు.

ఇక్కడ నా సీటు నేను సంతకం పెట్టిన రెండో రోజే నిండిపోయింది. ఆ అమ్మాయి ఇప్పుడు ఎముకలమ్మ పక్క మంచం మీద ఉంటుంది. నా మంచం మీద. నన్ను చూస్తే తల దించుకుంటుంది. ఆమె ఏం చేసింది పాపం, నాకు అక్క లేకపోతే నేనూ అలాగే ఎక్కడో ఒకచోట కూర్చుని ఉండేదాన్ని.

పెట్టెలో సూదీ దారం డబ్బా పెట్టినప్పుడే నాకు తెలియాల్సింది. నీకు మిషన్ పక్కన ఒక మనిషి కావాలి. బొత్తాలకి, కాజాలకి, ఇస్త్రీకి. నీకు చదువు లేకపోయింది, నాకూ లేకపోతే ఇద్దరం సమానం అవుతాం. తెలిసి చేశావని అనడం లేదు. కానీ నీ చెయ్యి తెలిసే చేసింది.

ఇంటికి రాను. ఈ ఆసుపత్రిలో చీటీలు రాసే బల్ల దగ్గర పని దొరికింది. వచ్చినవాళ్ళ పేరు, వయసు, అడ్రసు రాయాలి. ఎంతమంది వస్తారో నీకు ముందే రాశాను కాబట్టి పని ఎక్కువేం ఉండదు. నాతో చదివినవాళ్ళు కోట్లు వేసుకుని నా బల్ల ముందు నుంచి పోతారు. నాకు ఉత్తరాలు రాయకు.

---

సెప్టెంబరు 14

రాయొద్దన్నావు. పార్శిల్లో నీ దుప్పటీ, ఉన్ని చొక్కా పంపిస్తున్నాను. ఆ వైపు చలి త్వరగా వస్తుందని విన్నాను. నువ్వు రాసినవన్నీ చదివాను. రెండుసార్లు చదివాను.

అక్క

---

అక్టోబరు 2

అక్కా,

దుప్పటి వచ్చింది. అంచు కుట్టు ఊడిపోయిన చోట నువ్వు కొత్తగా కుట్టావు, చూశాను.

ఈ ఉత్తరం మూడుసార్లు మొదలుపెట్టి చింపేశాను. రెండో కార్డు రాయమన్నది నేను. నీకు గుర్తుంది. నాకూ గుర్తుంది. నువ్వు తిట్టుకుంటావని కాదు, పోయిన ఉత్తరం రాస్తున్నప్పుడు కూడా నాకు ప్రతి అక్షరం గుర్తుంది. ఏ మాటలు పెట్టి రాయాలో కూడా నేనే చెప్పాను. అడిగితే పోయేదేముంది అన్నాను. ఆ ఉత్తరం తీసి నా మొహాన కొడతావని ఎదురు చూశాను. కొడితే ఏడ్చి ఊరుకునేదాన్ని. అలవాటు ప్రకారం నేనే రాశానని రాశావు. అది చదివాక నాకు నీ మీద ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. అందుకే నోటికి వచ్చిందల్లా రాశాను. నీకు మనిషి కావాలి, చదువు లేదు, అవన్నీ. వాటిలో ఏది నిజంగా అనుకుని రాశానో, ఏది ఊరికే రాశానో నాకే తెలియదు. వెనక్కి తీసుకుంటున్నానని మాత్రం రాయలేకపోతున్నాను. కొన్ని నేను అనుకున్నవే.

గేటు చూపించిన సంగతి మాత్రం ఇప్పటికీ మింగుడు పడటం లేదు.

నా బల్ల దగ్గరికి నిన్న ఒక ముసలాయన వచ్చాడు. అడ్రసు అడిగితే, ఏ అడ్రసు చెప్పమంటావు, కొడుకు నెలకోసారి ఇల్లు మారుస్తాడు అన్నాడు. పెన్ను పట్టుకుని చాలాసేపు ఖాళీ గడి చూస్తూ కూర్చున్నాను. ఆయన వెనక ఉన్న ఒక్క మనిషీ కసురుకున్నాడు. ఆఖరికి పాత అడ్రసే రాసి, కింద ఇస్త్రీ షాపు ఏదైనా ఉందా అని అడిగాను. ఆయన నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు.

నా కోటు ఏం చేశావు? ఇంట్లో ఉంటే చూడటానికి కూడా రాను. ఏం చేశావో రాయి.

పిడుగు

---

అక్టోబరు 9

పిడుగూ,

నీ ఆగస్టు ఐదో తారీఖు ఉత్తరం మిషన్ సొరుగులో ఉంది. ఎప్పుడూ మర్చిపోలేదు. అన్నిటికీ నన్ను తిట్టిన నీ ఉత్తరం వచ్చిన రోజు బయటికి తీశాను కూడా. కవరులో పెట్టి, నీ అడ్రసు రాసి, స్టాంపు అంటించాను. మళ్ళీ విప్పి సొరుగులో పడేశాను. నువ్వు ఒక్కదానివే ఉన్నావు, ఆ ఉత్తరం చదువుకుని అక్కడ ఏం చేస్తావోనని భయమేసింది. నా మీద కోపం ఉంటే కనీసం వేళకి తింటావు. అది మంచితనమని అనుకోకు. నాకూ నీ మీద కోపం ఉంది. పద్నాలుగేళ్ళు నా పని నేను చేసుకున్నాను, ఎవరి సీటూ నా చేతిలోకి రాలేదు. నీకోసం జాబితా సంగతి బయటపెట్టాను, నీకోసం రెండో కార్డు రాశాను, నీకోసం లెక్కగట్టాను. ఆ మూడూ చెయ్యకపోయి ఉంటే నువ్వు వెనక వరుసలో నిలబడి వీపులు చూస్తూ ఉండేదానివి, డాక్టరువి అయ్యేదానివి.

నాకు చదువు లేదన్నావు. లేదు. ఆ మాట అమ్మ కూడా అనలేదు నన్ను.

కోటు సంగతి అడిగావు. ఆ రోజు ఆ పిల్ల ఆఫీసులో చేరి ఐదున్నరకి తిరిగి వచ్చింది. మర్నాడు పొద్దున ఎనిమిదింటికి గేటు దగ్గర కోటుతో ఉండాలి. కొత్తది కుట్టాలంటే గుడ్డ తడిపి ఆరబెట్టడంతో కలిపి నాకు ఒకటిన్నర రోజు పడుతుంది, నీకు తెలుసు. హ్యాంగరుకి నీ కోటు ఉంది, కాజాలతో సహా అయిపోయి. తొడిగాను. భుజాలు సరిపోయాయి, చేతులు సరిపోయాయి, పొడవు సరిపోయింది. ఒక్క కుట్టు విప్పాల్సిన పని లేకపోయింది. అద్దం కూడా తుడిచే ఉంది.

కాలర్ లోపల నీ పేరు మాత్రం విప్పాల్సి వచ్చింది. ఆ పిల్ల స్టూలు మీద కూర్చుని చూస్తూ ఉంది. సూది మొనతో ఒక్కొక్క పోగూ లాగుతుంటే, అక్కడ ఏం రాసి ఉందండీ అని అడిగింది. పాత గుర్తు అన్నాను. దాని మీదే డెబ్బై ఏడు అని కుట్టాను. ఎర్ర దారం మరక కొంచెం మిగిలింది. ఉతికితే పోతుందని చెప్పి పంపించాను. నిన్న బొత్తాం ఊడిందని మళ్ళీ వచ్చింది. ఆ మరక ఇంకా పోలేదు.

బొత్తాం కుడుతుంటే ఏవో చెబుతూ కూర్చుంది. మంచి పిల్లే. ఇస్త్రీ షాపాయనకి ఒక స్వీట్ల పెట్టె ఇచ్చిందట, నాకూ ఒకటి తెచ్చింది. తినలేదు, పారెయ్యనూలేదు. బీరువా మీద ఉంది.

ఇన్ని రోజులూ ఒకటే ఆలోచిస్తున్నాను. పద్నాలుగేళ్ళలో ఆగస్టు పది తర్వాత ఎవరూ రాలేదని నీకు గొప్పగా రాశాను. రాలేదంటే రాకూడదని అనుకునే రాలేదని లెక్కేసుకున్నాను. ఇప్పుడు చూస్తే వాళ్ళలో ఎంతమంది ఇల్లు మారారో, ఎంతమంది కవర్లు ఏ అటక మీద ఉన్నాయో. నేను ఒక్క కార్డు రాసి, చేతులు దులుపుకుని, మిగిలిన గుడ్డ మడతపెట్టుకున్నాను. పాత జాబితాలు తీసి కోటు కుట్టించుకోని నెంబర్లు లెక్కపెట్టాను. ముప్పై ఎనిమిది మంది.

వచ్చే ఏడు పరీక్ష ఫారాలు జనవరిలో ఇస్తారట. గుమస్తాని అడిగి ఒకటి తెచ్చి పంపుతాను. రాస్తావో, ఆ బల్ల దగ్గరే కూర్చుంటావో నీ ఇష్టం. రాస్తే నువ్వు నూట ఇరవైలో ఉండాలి, మూడో నెంబరులో కాదు. ఎందుకంటే వచ్చే ఏడు నుంచి రానివాళ్ళందరికీ రెండో కార్డు రాస్తాను, నువ్వు చెప్పిన మాటలతోనే. నీ ముందు ఒక్క సీటే అడ్డం ఉన్నా రాస్తాను. దారి అడిగితే గేటు చూపిస్తాను. ముందే చెబుతున్నాను, తర్వాత నన్ను అనొద్దు.

నీ అక్క